కాంపిటీటివ్ స్పెషాలిటీ కావాలా? రీసెర్చ్ ఇలా మొదలెట్టండి

అమెరికాలో డెర్మటాలజీ, న్యూరోసర్జరీ, ఆర్థో, ప్లాస్టిక్ సర్జరీ లాంటివాటిలో రెసిడెన్సీ (స్పెషాలిటీ ట్రైనింగ్) సీటు కావాలనుకునేవాళ్లకి ఒకప్పుడు స్టెప్ 1 (అక్కడి డాక్టర్ లైసెన్స్ పరీక్షలో మొదటి భాగం) స్కోర్ కొండంత అండగా ఉండేది, 2022 జనవరిలో అది పాస్/ఫెయిల్ అయిపోయేసరికి అందరూ రీసెర్చ్ మీద పడ్డారు. రెసిడెన్సీ సీట్లు కేటాయించే ఎన్ఆర్ఎంపీ రిపోర్ట్‌లో మ్యాచ్ అయినవాళ్ల (సీటు వచ్చినవాళ్ల) పక్కన రీసెర్చ్ కింద ఆ పెద్ద పెద్ద అంకెలు చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. కంగారు పడకండి, అందులో అబ్‌స్ట్రాక్ట్‌లు, పోస్టర్లు, పేపర్లు అన్నీ కలిపేసి ఉంటాయి, ఒకే ప్రాజెక్ట్ ముందు పోస్టరై తర్వాత పేపరైతే రెండు కింద లెక్క.

ముందు మెంటర్ దొరకాలి. పెద్ద పేరున్న ప్రొఫెసర్ వెంట పడితే డ్రాఫ్ట్ ఆయన ఇన్‌బాక్స్‌లోనే ముసలిదైపోతుంది. పబ్‌మెడ్‌లో (మెడికల్ పేపర్లు వెతికే సైట్) డిపార్ట్‌మెంట్ వాళ్ల పేర్లు కొట్టి గత రెండేళ్ల పేపర్లు తీయండి, ఫస్ట్ ఆథర్ (పేపర్ మీద మొదటి పేరు) మీ కాలేజీ సీనియర్ అయితే అక్కడ పని జరుగుతున్నట్టే. ఆ సీనియర్‌ని పట్టుకుని "డ్రాఫ్ట్ పంపితే ఎన్ని రోజులకి చూస్తారు?" అని ఒక్క మాట అడగండి. మెయిల్ నాలుగు లైన్లు చాలు, మీ ఇంట్రెస్ట్ గురించి వ్యాసం వద్దు, వారానికి ఎన్ని గంటలు ఇవ్వగలరు, ఏ నెల దాకా, ఎక్సెల్ వచ్చా, ఆర్ (R, స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్) వచ్చా అంతే. రిప్లై రాకపోతే వారం ఆగి ఇంకోసారి.

ల్యాబ్ బెంచ్ పనికి ఏళ్లు పడుతుంది, రీసెర్చ్ ఇయర్ తీసుకుంటే తప్ప జోలికి పోకండి. చేయి తిరగడానికి ఒక కేస్ రిపోర్ట్ (ఒక పేషెంట్ కేసు గురించి రాసేది), ఆ తర్వాత రెట్రోస్పెక్టివ్ చార్ట్ రివ్యూ (పాత పేషెంట్ల రికార్డుల్లోంచి డేటా తీయడం). సిటీ (CITI) ట్రైనింగ్ అనే రీసెర్చ్ ఎథిక్స్ ఆన్‌లైన్ కోర్సు ఇప్పుడే పూర్తిచేసి పెట్టుకోండి, చాలాచోట్ల ఆ సర్టిఫికెట్ లేకుండా ఐఆర్‌బీలో (స్టడీకి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ) మీ పేరు ఎక్కదు.

చార్ట్ రివ్యూలో నేను తిన్న దెబ్బ చెప్తా. షీట్‌లో డయాబెటిస్ కాలమ్‌లో ఉంటే 1 వేశా, లేకపోతే ఖాళీగా వదిలేశా, చార్ట్‌లో ఆ సంగతే రాసి లేకపోయినా ఖాళీయే! స్టాటిస్టిషియన్ "ఈ ఖాళీలు ఏంటి, లేదనా తెలీదనా?" అంటే నోరు పెగల్లేదు, నూట నలభై చార్ట్‌లు మళ్లీ మొదట్నుంచీ తెరిచా. ఉంది 1, లేదు 0, రాసి లేదు 9 అని మొదటిరోజే ఒక పేజీలో రాసుకుని, పది చార్ట్‌లు నింపి మెంటర్‌కి చూపించి అప్పుడు ముందుకెళ్లండి.

ఫస్ట్ ఆథర్ ఎవరన్నది కూడా పని మొదలెట్టకముందే అడిగేయండి, మొహమాటపడితే నష్టం మీకే. తెగ పొగుడుతూ వారంలో పబ్లిష్ చేస్తాం డబ్బు కట్టండి అనే జర్నల్ మెయిల్స్ నేరుగా డిలీట్.

ఈరాస్ (రెసిడెన్సీ అప్లికేషన్) నింపేటప్పుడు సబ్మిట్ చేసినదాన్ని పబ్లిష్డ్ అని పెట్టొద్దు, మీరు మెంటర్ని వెతికిన ఆ పబ్‌మెడ్‌లోనే రెసిడెన్సీ ప్రోగ్రామ్ వాళ్లు మీ పేరు కొడతారు.