అందర్నీ సమానం చేయాలా? ఈ వాదనలోకి దిగే ముందు ఏం చూసుకోవాలంటే

చెన్నైలో నలుగురు తెలుగువాళ్లం కూర్చుంటే మాటలు ఉచిత బస్సు దగ్గరో, రిజర్వేషన్ల దగ్గరో మొదలై చివరికి ఇక్కడికే వస్తాయి: అసలు అందర్నీ సమానం చేస్తే మంచిదా, చెడ్డదా? ఒక్క ముక్కలో జవాబు చెప్పేయకండి. ముందు దేంట్లో సమానం అని అడగండి. చట్టం ముందా, చదువూ తిండీ అందడంలోనా, సంపాదనలోనా? మూడింటినీ కలిపేస్తే గొడవే మిగులుతుంది.

చట్టం సంగతి త్వరగా తేల్చేయొచ్చు. చట్టం ముందు అందరూ సమానమే అనే రాజ్యాంగంలోని ఆర్టికల్ 14 అందరికీ ఒకటే, ఓటూ ఒకటే. ఇందులో నాకు నష్టం కనిపించదు.

రెండోదాని మీద ఎక్కువసేపు ఆగండి. మనం షాపింగ్‌కి వెళ్లే టి.నగర్ పేరు పిట్టి త్యాగరాయ చెట్టిది, ఆయన తెలుగాయన. ఆయన మద్రాసు కార్పొరేషన్‌కి అధ్యక్షుడిగా ఉన్నప్పుడు, 1920లో, థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడి పిల్లలకు మధ్యాహ్నం తిండి పెట్టడం మొదలైంది. తర్వాత 1956లో కామరాజ్, 1982లో ఎంజీఆర్ దాన్ని రాష్ట్రమంతా విస్తరించారు, 2022 నుంచి పొద్దున టిఫిన్ కూడా పెడుతున్నారు. ఆకలితో ఉన్న పిల్లాడికి పాఠం తలకెక్కదు, పైగా అన్ని కులాల పిల్లలూ ఒకే వరసలో కూర్చుని తింటారు. సమానత్వం వల్ల లాభం ఏంటని ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పేది ఇదే. ఖర్చు పన్నుల డబ్బే, ఆ మాట కూడా దాచకుండా చెప్పండి.

"అందరికీ ఒకే రూల్ పెడితే చాలదా?" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అప్పుడు 1951 నాటి చంపకం దొరైరాజన్ కేసు గురించి చెప్పండి. మద్రాసులో మెడికల్, ఇంజనీరింగ్ సీట్లను కులాలవారీగా పంచే ఉత్తర్వును సుప్రీంకోర్టు కొట్టేసింది, అదే ఏడాది మొదటి రాజ్యాంగ సవరణతో ఆర్టికల్ 15(4) వచ్చి, వెనకబడినవాళ్లకి ప్రత్యేక ఏర్పాట్లు చేసే దారి తెరిచింది. తరాలుగా బడి గడప తొక్కనివ్వని వాళ్లకి ఒకే రూల్ సరిపోదని నేను గట్టిగా నమ్ముతాను. అయితే సీటు పోయిన పిల్లల బాధ నిజమైనదే, దాన్ని తీసిపారేయకండి. ఒక్కో వర్గంలో ముందే పైకొచ్చినవాళ్లే మళ్లీ లాభపడే ప్రమాదమూ ఉంది, 1992లో ఇంద్రా సాహ్నీ తీర్పు ఓబీసీల్లో క్రీమీ లేయర్‌ని, అంటే అలా పైకొచ్చినవాళ్లని, పక్కన పెట్టమన్నది అందుకే.

ఇక సంపాదన. ఇక్కడ నష్టాలు ఎక్కువ. చైనాలో షియావోగాంగ్ అనే ఊళ్లో ఉమ్మడి సేద్యంతో కడుపు నిండక 18 మంది రైతులు 1978లో రహస్యంగా పొలాలు పంచుకున్నారు, ఎవరి కష్టం ఫలితం వాళ్లకి దక్కేసరికి పంట బాగా పెరిగింది. ఇంకోటి, అందరి ఆదాయాన్నీ సమం చేయాలంటే ఎవరికెంతో తేల్చే అధికారం కొద్దిమంది చేతుల్లో పెట్టాలి, అప్పుడు వాళ్లు మిగతావాళ్లతో సమానంగా ఉండరు. కాబట్టి జీతాలు ఒకటి చేయమని అడగకండి, కనీస వేతనం, మంచి ప్రభుత్వ బడి, ఆసుపత్రి అడగండి.

వాదన అయ్యాక మీ అపార్ట్‌మెంట్ రూల్స్ ఓసారి తీసి చదవండి. పనిమనుషులకు వేరే లిఫ్ట్ అని ఉంటే, వచ్చే అసోసియేషన్ మీటింగ్‌లో అది తీసేయమని అడిగి, మినిట్స్‌లో రాయించండి.