ప్రోనోటు పెట్టి ఒప్పంద చట్టం చెప్పడం ఎలా

ఒప్పంద చట్టాన్ని రెండో సెక్షను నిర్వచనాలతో మొదలుపెడితే రెండో వారానికే వెనక బెంచీలు ఖాళీ. ప్రోనోటు, అంటే అప్పు తీరుస్తానని రాసిచ్చే పత్రం, రాయడం, తిరగరాయడం చూడని పిల్లలు అనంతపురంలో అరుదు కాబట్టి అక్కణ్ణుంచే ఎత్తుకోండి.

నోటు మీరే తయారు చేసుకోవాలి. ఎవరి ఇంటి నోటో జిరాక్సు తేవద్దు. పేర్లు కొట్టేసినా దస్తూరి గుర్తుపట్టేవాళ్లుంటారు. అప్పు తీసుకున్నది పాతూరులో బట్టల కొట్టాయన అనుకోండి. రైతును పెడితే 1938 నాటి రైతు రుణ ఉపశమన చట్టం వచ్చి పడుతుంది, గంట దానికే సరి. అసలు లక్ష రూపాయలు, తేదీ 10-6-2022. ఇంకా పాత తేదీ వేయకండి: కోవిడ్ వల్ల 15-3-2020 నుంచి 28-2-2022 దాకా కాలాన్ని సుప్రీంకోర్టు దావా వేసే గడువు లెక్కలోంచి తీసేసింది, పిల్లలు అందులో చిక్కుకుంటారు.

మాటలు మామూలువే: 'నెల 1కి నూటికి రూ.2 వడ్డీతో మీరు కోరినప్పుడు మీకు గానీ మీ అనుమతి పొందినవారికి గానీ చెల్లించి ఈ నోటుపై చెల్లు వేయించుకోగలవాడను.' రెవెన్యూ స్టాంపు, దాని మీదుగా సంతకం, ఇద్దరు సాక్షులు. చట్టానికి సాక్షులు అక్కర్లేదు. అయినా ఉంచండి, ఎందుకని వాళ్లే అడగాలి.

ఇప్పుడు నాలుగు ప్రతులు. దావా వేసింది అన్నింట్లోనూ 1-9-2025నే. మొదటి దాని వెనక 2-5-2025న రూ.5,000 జమ, బాకీదారు సంతకం. రెండోది అదే తేదీ, కానీ రాసింది అప్పిచ్చినవాడు, బాకీదారు సంతకం లేదు. మూడోదానిలో సంతకం ఉంది, తేదీ 2-7-2025. నాలుగోది మొదటిలాంటిదే, స్టాంపు మాత్రం లేదు. నలుగురికో ప్రతి ఇచ్చి, చదవడానికి పది నిమిషాలు, చర్చకు ఇరవై, మిగతాదంతా వాదనలకు వదలండి.

దావా వేయడానికి ఉన్న మూడేళ్ల గడువు 10-6-2025తో తీరింది. జమతో గడువు మళ్లీ మొదలవ్వాలంటే, లిమిటేషన్ చట్టం (దావా గడువుల చట్టం) 19వ సెక్షను ప్రకారం ఆ జమ పాత గడువులోపలే పడాలి, దాన్ని చెల్లించినవాడు స్వయంగా రాయాలి లేదా సంతకం చేయాలి. అందుకే మొదటిది నిలుస్తుంది, రెండోది పడిపోతుంది. మూడోదాని దగ్గర క్లాసు వేడెక్కుతుంది. 'సంతకం ఉంది కదా సార్' అంటారు. ఎవరో ఒకరు ఒప్పంద చట్టం 25(3) తీస్తారు, తీయకపోతే మీరే అందించండి. గడువు దాటిన బాకీకి రాతపూర్వక వాగ్దానం, సంతకం ఉంటే అది చెల్లుతుంది. కానీ 'రూ.5,000 జమ' అన్న మాటలో వాగ్దానం ఎక్కడుంది? అదే చోట 'మిగతాది చెల్లిస్తాను' అని రాసి ఉంటే? ఇక్కడ తొందరపడి జవాబు చెప్పకండి.

నాలుగోదానికి 'స్టాంపు లేకపోతే పెనాల్టీ కట్టి సాక్ష్యంలో పెడతాం' అంటారు. స్టాంపు చట్టం 35వ సెక్షను ఆ వెసులుబాటు ప్రోనోటుకు ఇవ్వలేదు. మరి నోటు పక్కనపెట్టి అప్పు మీదే దావా వేయొచ్చా? పెరుమాళ్ చెట్టియార్ వర్సెస్ కామాక్షి అమ్మాళ్ కేసులో 1938 నాటి మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచ్ తీర్పు చదివి రమ్మనండి: ఒప్పందమంతా నోటులోనే ఉంటే ఒక దారి, నోటు కేవలం హామీగా ఇచ్చిందైతే ఇంకో దారి.

ఎల్ఎల్ఎం పిల్లలకు ఇదే పరిశోధనాంశం అవుతుంది. ఈ-కోర్టుల సైటులో జిల్లా ఎంచుకుని ప్రోనోటు దావాల తీర్పులు ఓ ముప్పై దించుకోమనండి. నోటు తేదీ, చివరి చెల్లు తేదీ, దావా తేదీ, ప్రతివాది వాదన ఒక్కో గడిలో. ఎక్స్‌పార్టీ (ప్రతివాది హాజరు కాకుండా ఇచ్చిన) తీర్పులు వేరే షీటులో పెట్టాలి, వాటిలో ప్రతివాది మాటే ఉండదు.