పిల్లలతో చెక్క పందెపు కారు – మూడవ పాఠం: ఇరుసు రంధ్రాలకు జిగ్

గత పాఠంలో దిమ్మను చిత్రిక పట్టి, దాని అడుగు ముఖమూ వెనుక అంచూ ఒకదానికొకటి లంబంగా ఉన్నాయని మూలమట్టంతో సరిచూసుకుని, ఆ రెండింటి మీదా పెన్సిలు గుర్తు పెట్టుకున్నాము. ఇకపై ప్రతి కొలతా ఆ రెండు ముఖాల నుంచే మొదలవుతుంది. 1953లో అమెరికాలో కబ్ స్కౌట్ పిల్లల కోసం ఆరంభమైన పైన్‌వుడ్ డెర్బీ (చిన్న చెక్క కార్లను వాలు బాట మీద వదిలే పోటీ) పందేల కొలతలనే ఈ పాఠాలలో అనుసరిస్తున్నాము కనుక మన దిమ్మ పొడవు 178, వెడల్పు 44, ఎత్తు 32 మిల్లీమీటర్లు. మేకు ఆకారంలో ఉండే ఇరుసు మందం 2.2 మిల్లీమీటర్లకు అటూఇటూగా ఉంటుంది.

పందెపు బాట మధ్యలో పొడవునా ఒక బద్ద ఉంటుంది. ఇరుసు ఏ కొంచెం వంకరగా దిగినా కారు పక్కకు లాగి, చక్రం లోపలి అంచు ఆ బద్దకు రాసుకుంటూ పోతుంది. కారు నునుపుగా ఉందా, ముక్కు సన్నగా ఉందా అన్న చర్చలన్నీ దీని తరువాతే. ఇంత కచ్చితంగా రంధ్రం వేయడం ఎనిమిదేళ్ల చేతికి సాధ్యం కాదు గనుక చాలా ఇళ్లలో పెద్దవారే డ్రిల్ అందుకుంటారు, పిల్లలు పక్కన నిలబడి చూస్తారు. జిగ్, అంటే దిమ్మను కదలకుండా పట్టుకుని డ్రిల్‌కు దారి చూపే చట్రం, ఉంటే ఆ అవసరం రాదు. కచ్చితత్వాన్ని పెద్దవారు ముందుగానే జిగ్‌లో అమర్చిపెడితే, డ్రిల్ తిప్పే పని నిశ్చింతగా పిల్లలకే అప్పగించవచ్చు.

ఈ జిగ్‌కు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పీఠం, దాని మీద దిమ్మకు ఇరువైపులా నిలబడే రెండు పక్క పలకలు, వెనుక ఒక అడ్డుపట్టీ ఉంటాయి. పక్క పలకలకు 12 మిల్లీమీటర్ల మందం గల గట్టి చెక్క కావాలి. మెత్తని చెక్కలో డ్రిల్‌కు దారి చూపే రంధ్రాలు త్వరగా అరిగి వదులవుతాయి.

పలకలు రెండింటినీ ఒకదానిపై ఒకటి పెట్టి, అంచులు కలిపి, రెండు వైపులా అంటుకునే టేపుతో బిగించి, ఒకే దెబ్బలో రంధ్రాలు వేయాలి. ఈ ఒక్క పని మాత్రం స్టాండుకు బిగించిన డ్రిల్‌తో పెద్దవారు చేయవలసిందే. వెనుక అడ్డుపట్టీ నుంచి మొదటి రంధ్రం 16 మిల్లీమీటర్ల దూరంలోను, రెండవది అక్కడి నుంచి 111 మిల్లీమీటర్ల దూరంలోను, రెండూ పీఠం నుంచి 5.5 మిల్లీమీటర్ల ఎత్తులోను రావాలి. 16 అనడానికి కారణం, చక్రం వ్యాసార్ధం దాదాపు 15 మిల్లీమీటర్లు కనుక అది దిమ్మ పొడవును దాటి బయటికి రాకపోవడం.

ఒక పలకను ముందుగా పీఠానికి మరలతో బిగించండి. దిమ్మను దానికి ఆనించి, రెండవ పలకను అవతలి వైపున నిలబెట్టి, నడుమ ఒక కాగితం మందం సందు ఉంచండి. ఇప్పుడు దిమ్మను తీసివేసి, 2.2 మిల్లీమీటర్ల తిన్నని ఉక్కు కడ్డీలు రెండింటిని ఒక పలక రంధ్రంలోంచి ఎదుటి పలక రంధ్రంలోకి దూర్చండి. కడ్డీ ఎక్కడా పట్టకుండా వేలి ఒత్తిడికే జారిపోతే రంధ్రాలు ఎదురెదురుగా ఉన్నట్లు. అది పట్టేస్తే పలకను ముందుకో వెనక్కో వెంట్రుకవాసి జరపాలి. కడ్డీలు స్వేచ్ఛగా కదులుతున్న స్థితిలోనే రెండవ పలక మరలు బిగించి, అడ్డుపట్టీని వెనుక కడ్డీకి రెండు చివరలా సమదూరంలో ఉండేలా నిలపండి. రంధ్రాల ఎత్తు అర మిల్లీమీటరు తప్పినా కొంప మునగదు, అన్నీ ఒకే తీరుగా తప్పుతాయి. ఎదురెదురు రంధ్రాలు ఒకే గీత మీద లేకపోవడమే అసలు ప్రమాదం.

పీఠం నుంచి ఎత్తు 5.5 ఎందుకో చూద్దాము. కారు అడుగున కనీసం 9.5 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలన్నది ఈ పందేల సాధారణ నియమం. ఇరుసు అడుగు ముఖం నుంచి 4 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటే, 15 లోంచి 4 పోగా 11 మిల్లీమీటర్ల ఖాళీ మిగులుతుంది. అందుచేత దిమ్మ కింద 1.5 మిల్లీమీటర్ల మందం గల గట్టి ప్లాస్టిక్ రేకు పరచి మూడు రంధ్రాలు వేయాలి. నాల్గవదాన్ని, అంటే ముందరి చక్రాలలో ఒకదాని రంధ్రాన్ని, రేకు తీసివేసి వేస్తే అది అంత మేర పైకి వెళ్లి, ఆ చక్రం నేలను తాకకుండా నిలుస్తుంది. తిప్పవలసిన చక్రం ఒకటి తగ్గినందువల్ల కారు కొంత వేగం పుంజుకుంటుంది. నాలుగు చక్రాలూ నేలను తాకాలనే నిబంధన మీ పందెంలో ఉంటే రేకును చివరి వరకు ఉంచండి.

ఇక డ్రిల్ పిల్లల చేతికి. బిట్ (డ్రిల్‌కు బిగించే, రంధ్రం వేసే కడ్డీ) ఎంత లోతు దిగాలో తెలియడానికి టేపు చుట్టడం పెద్దవారికి సరిపోతుంది గాని, ఉత్సాహంలో ఉన్న పిల్లలు ఆ గుర్తు దాటిపోతారు. బిట్‌కు ఒక చిన్న చెక్క గొట్టం తొడిగి, గొట్టం కొన నుంచి బిట్‌ను 30 మిల్లీమీటర్లు మాత్రమే బయట మిగలనివ్వండి. పలక మందం 12 పోగా దిమ్మలోకి 18 మాత్రమే దిగి, గొట్టం పలకకు తగిలి ఆగిపోతుంది. దిమ్మను అడ్డుపట్టీకి గట్టిగా నెట్టి, క్లాంపులతో బిగించిన తరువాతే పని మొదలుపెట్టాలి. దిమ్మను చేత్తో పట్టుకోనివ్వకూడదు. ప్రతి 5 మిల్లీమీటర్లకూ బిట్‌ను బయటికి లాగి పొట్టు దులపమనండి, లేకుంటే సన్నని బిట్ పట్టేసి విరుగుతుంది. రక్షణ కళ్లద్దాలు ఇద్దరికీ తప్పనిసరి. తిరిగే పనిముట్ల దగ్గర చేతి తొడుగులు వద్దు.

బిట్ మందం ఇరుసుకంటే లేశమాత్రం తక్కువ ఉండాలి. అసలు దిమ్మ జోలికి వెళ్లే ముందు అదే జాతి చెక్క తుంట మీద ఒక రంధ్రం వేయించి, ఇరుసును చేత్తో నొక్కి చూడండి. అది వేళ్లతో లాగితే ఊడిరాకుండా, సుత్తితో మోదకుండానే దిగితే కొలత సరిగ్గా ఉన్నట్లు.

నాలుగు రంధ్రాలూ పూర్తయ్యేదాకా రంపం ముట్టుకోకండి. దిమ్మ అంచులు తిన్నగా, మూలలు లంబంగా ఉన్నంతసేపే జిగ్ దాన్ని సరిగా పట్టుకోగలదు. తదుపరి పాఠానికి రంపానికి దారి చూపే పెట్టె చేసుకుంటాము; 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్కలు మూడింటిని, ఒక్కొక్కటి 250 మిల్లీమీటర్ల పొడవుతో, కోసి ఉంచుకోండి.