వేరే రాష్ట్రానికి వెళ్లి దత్తత బిడ్డను ఇంటికి తెచ్చుకోవడం ఎలా?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో దత్తతకు దరఖాస్తు చేసుకున్న దంపతులకు బిడ్డ తమ జిల్లా శిశుగృహ నుంచే వస్తుందన్న నియమం లేదు. అందరూ ‘కారా’ అని పిలిచే కేంద్ర దత్తత వనరుల సంస్థ దేశమంతటి దరఖాస్తులనూ ఆన్‌లైన్‌లో చూస్తుంది కాబట్టి, కావలిలో ఉన్నవారికి ఒడిశాలోని పాప గురించి కబురు రావచ్చు. ఆ కబురు అందిన నాటి నుంచి బిడ్డతో మీ ఇంటి గడప దాటే వరకు ఏం చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను. కాగితాల గురించి కార్యాలయంలో ఎవరైనా చెబుతారు. ప్రయాణంలో బిడ్డ మనసు ఎలా ఉంటుందో చెప్పేవారు తక్కువ కనుక, నేను దాన్నే ఎక్కువగా రాస్తాను.

బయలుదేరే ముందు

రిజిస్ట్రేషన్ కారా పోర్టల్‌లోనే చేసుకోవాలి. దంపతులకు పెళ్లయి కనీసం రెండేళ్లు గడిచి ఉండాలి. రెండేళ్లలోపు బిడ్డ కావాలంటే భార్యాభర్తల వయసు కలిపి 85 ఏళ్లు మించకూడదు. ఆ తర్వాత సామాజిక కార్యకర్త మీ ఇంటికి వచ్చి గృహ అధ్యయన నివేదిక తయారు చేస్తారు. అది మూడేళ్లు చెల్లుతుంది. ఇంట్లో పెద్దవారికి దత్తత ఇష్టం లేకపోతే ఆ మాట అప్పుడే బయటపడటం మంచిది. బిడ్డ వచ్చాక బయటపడితే ఆ భారం బిడ్డ మీద పడుతుంది.

నిరీక్షణ ఏళ్ల తరబడి సాగుతుంది. ఆ కాలంలో ‘ఫలానా ఆసుపత్రిలో బిడ్డ ఉంది, కాగితాలు తర్వాత చూసుకోవచ్చు’ అని చెప్పేవారు తప్పక ఎదురవుతారు. 2015 నాటి బాల న్యాయ చట్టం ప్రకారం, పద్ధతి తప్పి బిడ్డను తీసుకుంటే మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. డబ్బు చేతులు మారితే శిక్ష ఇంకా పెరుగుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, అలా తెచ్చుకున్న బిడ్డను మీ చేతుల్లోంచి తీసుకువెళ్లిపోవచ్చు. అలాంటి కబురు వింటే పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయండి.

కబురు వచ్చాక

పోర్టల్‌లో బిడ్డ ఫొటో, బిడ్డ అధ్యయన నివేదిక, వైద్య పరీక్షల నివేదిక కనిపిస్తాయి. 48 గంటల్లో ఆ బిడ్డను మీ పేరున రిజర్వు చేసుకోవాలి. ఫొటో చూసి కన్నీళ్లు పెట్టుకోవడంలో తప్పు లేదు గానీ, అదే రోజు వైద్య నివేదికను మీకు తెలిసిన పిల్లల డాక్టరుకు చూపించండి. పుట్టినప్పటి బరువు, ఇప్పటి బరువు, తల చుట్టుకొలత, రక్త పరీక్షలు, వేసిన టీకాలు, ఇంకా వేయాల్సిన టీకాలు అడిగి తెలుసుకోండి. తక్కువ బరువును చూసి భయపడిపోవద్దు. సంస్థల్లో పెరిగిన పిల్లలు చాలామంది ఇంటికి వచ్చాక కోలుకుంటారు.

రిజర్వు చేసుకున్న తర్వాత బిడ్డ ఉన్న సంస్థకు వెళ్లి, బిడ్డను కలిసి, అంగీకార పత్రం మీద సంతకం చేయడానికి 30 రోజుల గడువు ఉంటుంది. గడువు ఉంది కదా అని ఆలస్యం చేయకండి. అసలు పత్రాలతో పాటు రెండు జతల నకళ్లు, ఫొటోలు పెట్టుకోండి. నియమాల్లో ఉన్న రుసుము మాత్రమే చెల్లించి రసీదు తీసుకోండి.

అక్కడ గడిపే రోజులు

చాలామంది ఉదయం వెళ్లి, సాయంత్రం బిడ్డతో రైలెక్కేలా టికెట్లు తీసుకుంటారు. ఇది సరికాదని నా గట్టి అభిప్రాయం. ఏడాదిన్నర పాపకు ఆ సంస్థే ఇల్లు, అక్కడి ఆయమ్మే అమ్మ. మీకు పండుగ రోజైన ఆ రోజు, ఆ పాపకు తెలిసిన లోకమంతా పోయే రోజు. సంస్థవారు ఒప్పుకుంటే మూడు నాలుగు రోజులు అక్కడే బస చేసి, రోజూ కొన్ని గంటలు వెళ్లి కూర్చోండి. మొదటి రోజే ఎత్తుకోవాలని చేతులు చాచకండి. నేల మీద కూర్చుని గిలక్కాయతో ఆడుతూ ఉంటే, కాసేపటికి పాపే దగ్గరికి వస్తుంది. రాకపోతే మర్నాడు మళ్లీ కూర్చోండి.

ఈ రోజుల్లోనే ఆయమ్మను అడిగి తెలుసుకోవాల్సినవి చాలా ఉన్నాయి. పాలపొడి ఏది, ఎన్ని చెంచాలు, పాలు వెచ్చగానా చల్లారాకనా, ఉయ్యాలలో పడుకుంటుందా నేల మీదా, నిద్రపుచ్చేటప్పుడు ఏం పాడతారు, దేనికి భయపడుతుంది అన్నవన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఆయమ్మ పాడే జోలపాటను ఫోన్‌లో రికార్డు చేసుకోండి. పాప కప్పుకునే పాత గుడ్డను ఉతక్కుండా అడిగి తెచ్చుకోండి, ఆ వాసనే పాపకు కొన్నాళ్లు తోడు. పాప ఒడియా విని పెరిగి ఉంటే నీళ్లను ‘పాణి’ అనీ పాలను ‘ఖీర’ అనీ అంటుంది. అలాంటి మాటలు ఓ పది నేర్చుకోండి. మన తెలుగు ఆ పాపకు ఇప్పటికి అర్థం కాని శబ్దమే.

బిడ్డను అప్పగించేటప్పుడు, దత్తత ఉత్తర్వు వచ్చేవరకు బిడ్డను పెంచుతామని ‘దత్తతకు ముందు పెంపకం’ పేరుతో హామీ పత్రం మీద సంతకం చేయిస్తారు. ఆ కాగితం, బిడ్డ ఫొటోలు, టీకాల కార్డు పెట్టెలో కాకుండా చేతిసంచిలో ఉంచుకోండి. పోలికలేని పసిబిడ్డను తీసుకువెళ్తుంటే రైల్వే పోలీసులు ఆపి అడగవచ్చు. అది పిల్లల క్షేమం కోసమే కాబట్టి, విసుక్కోకుండా కాగితాలు చూపండి.

తిరుగు ప్రయాణం

హౌరా, ఢిల్లీ వైపు రైలు మార్గాలు మన ఒంగోలు, నెల్లూరు మీదుగానే వస్తాయి కనుక రైలే సౌకర్యం. ఐదేళ్లలోపు బిడ్డకు టికెట్ అక్కరలేదు గానీ ప్రత్యేక బెర్తు రాదు, కింది బెర్తు తీసుకోండి. అదే పాలపొడి రెండు డబ్బాలు, ఫ్లాస్కులో వేడినీళ్లు, మార్చే బట్టలు పెట్టుకోండి. విమానంలో వచ్చేవారు రెండేళ్లలోపు బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకోవచ్చు, వయసు ధ్రువపత్రం మాత్రం చూపాలి. విమానం ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు పాలు పడితే చెవి నొప్పి తగ్గుతుంది.

రాత్రంతా ఏడ్చే బిడ్డ కన్నా అసలు ఏడవని బిడ్డ గురించి ఎక్కువ జాగ్రత్త పడాలి. ఏడ్చినా ఎవరూ రారని అలవాటైన పిల్లలు మౌనంగా ఉండిపోతారు. కాబట్టి అడగకముందే ఎత్తుకోండి, ఆకలేయకముందే పాలు పట్టండి.

ఇంటికి వచ్చాక

స్టేషన్‌కు పది కార్లలో చుట్టాలను పిలవకండి. బారసాల, విందు ఒక నెల ఆగినా నష్టం లేదు. మొదటి వారాల్లో పాలు పట్టడం, స్నానం చేయించడం, నిద్రపుచ్చడం మీ ఇద్దరే చేయండి. నాయనమ్మకు బాధ కలిగినా, ‘కొన్నాళ్లు ఆగండమ్మా’ అని మెల్లగా చెప్పండి. వారంలోగా డాక్టరుకు చూపించండి.

2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వులు కోర్టు బదులు జిల్లా కలెక్టరు ఇస్తున్నారు. మీ కేసులో అది సంస్థ ఉన్న జిల్లా కలెక్టరు నుంచే వస్తుంది, దానికి రెండు నెలల గడువు ఉంది. బిడ్డను మీకు అప్పగించిన నాటి నుంచి రెండేళ్ల పాటు ఆరు నెలలకొకసారి అధికారులు బిడ్డను చూసి నివేదిక రాస్తారు. ఉత్తర్వు చేతికి అందగానే మీ పేర్లతో జనన ధ్రువపత్రానికి దరఖాస్తు చేయండి. ఆ ఫైలులోనే ఆయమ్మతో పాప ఉన్న ఫొటో ఒకటి దాచి ఉంచండి. తను ఎక్కడి నుంచి వచ్చిందో మీ అమ్మాయి అడిగిన రోజున ముందుగా చూపించాల్సింది అదే.