దేవమాలి మీద కాఫీ కాయాలంటే ఏ స్టవ్వు పట్టుకెళ్లాలి?

జనవరి నెల, తెల్లవారుజామున ఐదున్నర. ఒడిశాలోని కోరాపుట్ జిల్లా, దేవమాలి కొండ మీద మా బావమరిది స్టవ్వు ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. మంట కొవ్వొత్తి ఒత్తంత. పావుగంటైనా గిన్నెలో నీళ్లు గోరువెచ్చనే. ‘గేసు అయిపోనాది బావా’ అన్నాడు. డబ్బా ఊపి చూస్తే సగానికి పైనే ఉంది, లోపల గలగలమంటోంది.

తప్పు నాదే. చవగ్గా వస్తోందని ఒట్టి బ్యూటేన్ డబ్బా కొన్నాను. బ్యూటేన్ ఆవిరై పైకొస్తేనే మండుతుంది. దాదాపు సున్నా డిగ్రీల దగ్గరికి దిగితే ఆ ఆవిరి ఆగిపోతుంది. కోరాపుట్ కొండల మీద చలికాలం రాత్రిళ్లు 10 డిగ్రీల కిందికి పోతాయి. పైగా గ్యాసు వస్తున్నకొద్దీ డబ్బా తనంతట తనే చల్లబడుతుంది. స్టవ్వు ఆర్పి, డబ్బా విప్పి, స్వెట్టర్‌లో పెట్టుకుని పది నిమిషాలు కూర్చున్నాక మళ్లీ మండింది. కాఫీ తాగేసరికి సూర్యుడు పైకొచ్చేశాడు.

రాయగడ, జయపురం, గుణుపురం వైపు మనవాళ్లు ఇప్పుడు బైకులేసుకుని దేవమాలికి బాగా వెళ్తున్నారు. 1672 మీటర్లు, ఒడిశాలో అంతకన్నా ఎత్తు లేదు. రాత్రి ఉండాలనుకునేవాళ్లకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందు ఏం వండుతారో తేల్చుకోండి

స్టవ్వు కొనకముందే కాగితం మీద రాయండి: రెండు సార్లు కాఫీ, రాత్రికి సేమ్యా, పొద్దున ఉప్మా. వీటన్నిటికీ కలిపి ఎన్ని నీళ్లు కాగాలో కూడండి. ఇద్దరికి మూడు లీటర్లు దాటదు. గాలి లేని చోట, మూత పెట్టి కాస్తే లీటరుకి సుమారు 15 గ్రాముల గ్యాసు పడుతుంది. గాలి కొట్టిందా, రెట్టింపు అనుకోండి. అంటే 230 గ్రాముల డబ్బా ఒకటుంటే ఇద్దరికి ఒక రాత్రి గడిచి ఇంకా మిగులుతుంది.

అన్నం మాత్రం పెట్టుకోకండి. ఆ ఎత్తులో నీళ్లు 95 డిగ్రీల లోపే మరిగిపోతాయి, మెతుకు ఉడకడానికి ఎక్కువసేపు పడుతుంది. తప్పదంటే బియ్యం అరగంట నానబెట్టి, రెండు లీటర్ల బుల్లి కుక్కర్‌లో వండండి. నన్నడిగితే ఇంటి దగ్గరే చోడంబలి (రాగి అంబలి) కాచి సీసాలో పోసుకుని పోతే ఒక పూటకి స్టవ్వుతోనే పని లేదు.

ఇంధనం ఎంచుకోండి

గ్యాసు డబ్బాలు రెండు రకాలు. దోమల మందు స్ప్రేలా పొడుగ్గా ఉండేది ఒకటి, పొట్టిగా మరచుట్టుతో ఉండేది ఇంకొకటి. ఒకదాని స్టవ్వు ఇంకోదానికి నేరుగా ఎక్కదు. మొదటి రకంలో ఎక్కువగా ఉండేది బ్యూటేనే. రెండోదాంట్లో తరచుగా ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలుపుతారు. ఐసోబ్యూటేన్ మైనస్ 12 దాకా, ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతూనే ఉంటాయి. కాబట్టి ధర చూసే ముందు డబ్బా మీద రాసింది చదవండి. చలికాలానికి నా ఓటు ఈ మిశ్రమానికే.

స్పిరిట్ స్టవ్వు అంటే చిన్న రేకు గిన్నె, అంతే. పాడవడానికి అందులో ఏమీ లేదు, చప్పుడూ లేదు. కానీ కిలోకి కిలో చూస్తే స్పిరిట్ వేడి గ్యాసు వేడిలో 60 శాతమే. లీటరు నీళ్లకి 35, 40 మిల్లీలీటర్లు పోయాలి, గ్యాసు మీద ఐదు నిమిషాల్లో అయ్యేదానికి పావుగంట ఆగాలి. ఒక్క ప్రమాదం మాత్రం గుర్తుంచుకోండి: పగటి వెలుగులో దాని మంట కంటికి కనపడదు. ఆరిపోయిందనుకుని సీసాతో మళ్లీ పోయబోతే మంట సీసాలోకి ఎక్కుతుంది. గిన్నె పూర్తిగా చల్లారాకే పోయండి. మిథనాల్ కలిసిన స్పిరిట్ విషం, గిన్నెలకీ చేతులకీ అంటనివ్వొద్దు.

కిరసనాయిలు పంపు స్టవ్వంటే నాకు మక్కువ. మా అమ్మమ్మ ఇంట్లో దాని హోరు వినపడిందంటే చుట్టాలొచ్చారని అర్థం. ఈ తరహా స్టవ్వు 1892లో స్వీడన్‌లో లిండ్‌క్విస్ట్ అనే ఆయన తయారుచేశాడు, పేరు ప్రైమస్. చలి దాన్నేమీ చెయ్యలేదు. కాకపోతే ముందు కప్పులో స్పిరిట్ వెలిగించి బర్నర్ కాల్చాలి. తొందరపడి పంపు కొడితే పసుపుపచ్చ మంట మొహం దాకా లేస్తుంది. బర్నర్ కన్నం పొడిచే పిన్ను మర్చిపోతే అంతే సంగతులు. ఇప్పుడు కిరసనాయిలు దొరకడమే కష్టం, బ్యాగులో చుక్క కారినా ఉప్మా అంతా అదే వాసన. ఆయిలు లేదని పెట్రోలు మాత్రం పోయకండి.

హెక్సమిన్ అనే గట్టి ఇంధనం బిళ్లలు సైనికులు వాడేవి. తేలికే, కానీ గిన్నె మసి బారుతుంది, వాసన. ఆపద్ధర్మానికి నాలుగు ఉంచుకోండి. కార్లలో పదిమంది పోతుంటే పెట్రోలు బంకుల్లో ఇచ్చే 5 కిలోల సిలిండరు మేలు. సందుల్లో నింపిచ్చే రంగుల బుల్లి సిలిండర్ల జోలికి పోవద్దు. మూడు రాళ్ల పొయ్యి ఎండాకాలంలో అసలు వద్దు, ఒక్క నిప్పురవ్వ చాలు ఎండుటాకులు అంటుకోవడానికి.

విశాఖ నుంచి రైల్లో వచ్చేవాళ్లకి ఒక మాట: గ్యాసు, కిరసనాయిలు, స్పిరిట్ ఏదీ బోగీలోకి తేకూడదు. 1989 రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు. ఖాళీ స్టవ్వుతో దిగి, ఇంధనం ఇక్కడ కొనుక్కోండి.

మేడ మీద ఒకసారి వెలిగించి చూడండి

కొండకి తీసుకెళ్లే గిన్నె, మూతతోనే అర లీటరు నీళ్లు కాయండి. ముందూ తర్వాతా డబ్బాని వంటింటి కాటా మీద పెట్టి, ఎన్ని గ్రాములు తగ్గిందో స్కెచ్ పెన్నుతో డబ్బా మీదే రాయండి. బిగించాక మర దగ్గర సబ్బు నురుగు రాస్తే లీకు బుడగలుగా కనిపిస్తుంది.

కొండ మీద

చదునైన రాయి చూసుకోండి. గాలి వచ్చే వైపు బ్యాగులు అడ్డం పెట్టండి, అంతేగానీ డబ్బా మీద కూర్చునే స్టవ్వు చుట్టూ రేకు చుట్టకండి. వేడి లోపలే తిరిగి డబ్బా కాలుతుంది. ముందు అగ్గిపుల్ల, తర్వాత నాబ్. ఎంత చలేసినా టెంటులో వెలిగించవద్దు. మంట నుంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

కోరాపుట్ కాఫీ పొడి తెచ్చుకుంటే ముందు డికాక్షన్ దించి, పాలు చివర కాయండి. పాలు పొంగాయంటే మంట ఆరిపోతుంది, గ్యాసు మాత్రం వస్తూనే ఉంటుంది.

తిరిగొచ్చేటప్పుడు డబ్బాలు కిందికి తెచ్చేయండి. గ్యాసు మిగిలిన డబ్బాని ఎండలో నిలబెట్టిన కారులో వదలకండి, 50 డిగ్రీలు దాటనివ్వకూడదు. మా బావమరిది అయితే ఇప్పుడు రాత్రి చలికి దాన్ని బయట వదలడు, రగ్గులో చుట్టి తలగడ పక్కన పెట్టుకునే పడుకుంటాడు.