డబుల్ ప్లేలో స్లైడ్ తీర్పుకు చిన్న చిట్కా

అమెరికాలో హైస్కూల్ బేస్‌బాల్‌కు అంపైరుగా నిలబడితే ఒక చిక్కు తప్పదు: డబుల్ ప్లేలో, అంటే ఒకే ఆటలో ఇద్దరిని ఔట్ చేసే ప్రయత్నంలో, రెండో బేస్ దగ్గర ఫీల్డర్ బంతి విసరగానే మన చూపు కూడా దానితో పాటే మొదటి బేస్‌కు పరుగెత్తుతుంది. రెండో బేస్‌లోకి నేల మీద జారుతూ (స్లైడ్) వచ్చే రన్నర్ ఫీల్డర్‌కు అడ్డుపడే అసలు గొడవంతా వెనకాల జరిగిపోతుంది. నేనూ చాలాసార్లు అలాగే మోసపోయాను.

ఇప్పుడు బంతి చేయి దాటాక కూడా, మనసులో ‘ఒకటి’ అనుకునేంతసేపు చూపును రన్నర్ కాళ్ల మీదే ఉంచుతున్నాను. చూసేవి మూడే. రెండు బేస్‌ల మధ్య నేరుగా జారాడా? కాలు ఫీల్డర్ మోకాలికంటే పైకి లేచిందా? బేస్ దాటి వెళ్లి ఫీల్డర్‌ను తాకాడా, లేదా అతని ఆటను చెడగొట్టాడా? ఫీల్డర్‌కు దూరంగా పక్కకు జారితే తప్పేమీ లేదు. అసలు జారాలన్న నిర్బంధమే లేదు. రన్నర్ ఈ నియమాలు మీరి అడ్డు తగిలితే ఆట అక్కడికక్కడే ఆగుతుంది. రెండు ఔట్లు కాకముందైతే రన్నర్‌తో పాటు బ్యాటర్ కూడా ఔట్, మిగతావారు పాత బేస్‌లకు వెళ్లాలి. ‘రెండో ఔట్ ఎలాగూ వచ్చేది కాదు’ అని కోచ్ వాదించినా చెల్లదు.

ఈ నేరు దారి లెక్క ఫోర్స్ ప్లేకే, అంటే వెనక వచ్చేవాడి వల్ల రన్నర్ తప్పక తర్వాతి బేస్‌కు వెళ్లాల్సినప్పుడే. రన్నర్‌ను బంతితో తాకి ఔట్ చేయాల్సిన చోట పనికిరాదు. పెద్దల లీగుల్లో ప్రొఫెషనల్ నియమాలు వాడితే తీర్పు ప్రమాణాలు వేరు, ముందే అడగండి.