ఉద్యోగి పరిహార బీమా - 3వ పాఠం: జీతాల పట్టీ

గత పాఠంలో ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) కిందికి వచ్చేవాళ్లను పక్కకు తీశాం. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవాళ్లు అటు వెళ్తారు. మిగిలినవాళ్లకు, పదిమంది లేని చోటైతే అందరికీ, పనిలో ప్రమాదం జరిగితే ఇచ్చే పరిహారం భారం యజమానిదే. ఆ భారాన్ని బీమా కంపెనీకి ఎత్తే కాగితమే జీతాల పట్టీ. ప్రీమియం దీనిమీదే వేస్తారు, రేపు గొడవ వస్తే ముందు తీసేదీ దీన్నే.

హన్మకొండ నక్కలగుట్టలో ఏడుగురితో ఒక రక్తపరీక్షల ల్యాబు నడుస్తోందనుకుందాం. టెక్నీషియన్లు ఇద్దరు, ఒక్కొక్కరికి 16,000. రక్తం తీసే మనిషి ఒకరు, 14,000. బండి మీద ఇళ్లకు తిరిగి శాంపిళ్లు తెచ్చే కుర్రాళ్లు ఇద్దరు, 12,000 చొప్పున. రిసెప్షన్‌లో ఒకరు, 11,000. పొద్దున రెండు గంటలు ఊడ్చి తుడిచే ఆమె, 7,000. నెలకు 88,000, ఏడాదికి 10,56,000. పట్టీలో పనుల వారీగా రాయాలి. శాంపిళ్ల కుర్రాడికీ రిసెప్షన్‌కూ ఉన్న ప్రమాదం ఒకటి కాదు, రేటూ ఒకటి కాకపోవచ్చు. ఏడాది చివర అసలు చెల్లించిన జీతాలు చూపిస్తే ప్రీమియం సర్దుబాటు చేస్తారు, కాబట్టి ముందే తక్కువ రాసి మిగుల్చుకునేది పెద్దగా ఏమీ ఉండదు.

చాలా ల్యాబుల్లో పట్టీ నాలుగు పేర్లతో ముగుస్తుంది. కుర్రాళ్లు కమీషన్ మీద పనిచేస్తారని వదిలేస్తారు, ఊడ్చే ఆమె పార్ట్ టైం అని వదిలేస్తారు. నిజానికి సూది గుచ్చుకునే అవకాశం ఆమెకూ తక్కువేమీ కాదు. వాడిన సూదులు గుచ్చుకోని తెల్ల డబ్బాలో పడాలి, పనుల హడావుడిలో వైద్య వ్యర్థాల పసుపు కవర్లో పడతాయి, ఆ కవరు ఎత్తేది ఆమె. ఆమె ఏజెన్సీ మనిషైనా బాధ్యత తప్పదు. ముందు మీరు కట్టి, తర్వాత ఏజెన్సీ నుంచి రాబట్టుకోవాలి. కాంట్రాక్టర్ మనుషులకూ వర్తించే క్లాజు పాలసీలో ఉందో లేదో అడిగి మరీ చూడండి.

ఇప్పుడు లెక్క. 2025 నవంబర్ 21న సామాజిక భద్రత కోడ్ అమల్లోకి వచ్చి 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం స్థానం తీసుకుంది, కానీ సూత్రం అదే. మరణిస్తే నెల జీతంలో 50 శాతం, శాశ్వతంగా పూర్తి వైకల్యం వస్తే 60 శాతం, దాన్ని వయసును బట్టి షెడ్యూల్లో ఇచ్చిన గుణకంతో హెచ్చించాలి. 30 ఏళ్లకు గుణకం 207.98, 40కి 184.17, 50కి 153.09. రక్తం తీసే మనిషి వయసు 30 అనుకోండి. మరణానికి 7,000 × 207.98 = 14,55,860 రూపాయలు. పూర్తి వైకల్యానికి 8,400 × 207.98 = 17,47,032. సెంట్రిఫ్యూజ్‌లో (రక్తం శాంపిళ్లను వేగంగా తిప్పే యంత్రంలో) చూపుడు వేలు మొత్తం పోతే షెడ్యూల్ ప్రకారం 14 శాతం నష్టం, అంటే ఈ రెండో మొత్తంలో 14 శాతం, సుమారు 2,44,584.

ఇదే మనిషికి పట్టీలో 8,000 అని రాశారనుకోండి. మరణ పరిహారం ఆ లెక్కన 8,31,920. ప్రకటించిన జీతానికి మించి మేం కట్టమని కంపెనీ వాదిస్తుంది. తేడా ఆరు లక్షల పైచిలుకు, అది యజమాని జేబులోంచే వెళ్లాల్సి వస్తుంది.

జీతాన్ని అలవెన్సులుగా చీల్చి తగ్గించి చూపినా పెద్దగా కలిసిరాదు. కోడ్ ప్రకారం మినహాయించే అలవెన్సులు మొత్తం చెల్లింపులో సగం దాటితే, దాటిన మేర తిరిగి జీతంలోనే కలుస్తుంది. రెండో వైపు ఒక పరిమితీ ఉంది: 2020 జనవరిలో కేంద్రం నోటిఫై చేసినట్టు, జీతం ఎంతైనా పరిహారం లెక్కకు నెలకు 15,000 వరకే తీసుకుంటారు. ఇది లెక్కకు మాత్రమే, పట్టీలో మాత్రం అసలు జీతమే రాయాలి.

పాలసీ తీసుకునేటప్పుడు రెండు అదనపు కవర్లు తప్పక అడగండి. ఒకటి వైద్య ఖర్చులకు, ఎందుకంటే పనిలో తగిలిన గాయానికి అసలు ఖర్చంతా యజమానే భరించాలి. రెండోది వృత్తి వ్యాధులకు. ఆరోగ్య, ల్యాబ్ పనిలో సోకే అంటువ్యాధులు చట్టం జాబితాలో ఉన్నా, సాధారణ పాలసీలో అవి ఉన్నాయని అనుకుని ఊరుకోకూడదు. సూది గుచ్చుకున్న రోజే రక్తపరీక్ష చేయించి రిపోర్టు భద్రపరచాలి. లేదంటే హెపటైటిస్ ముందే ఉందన్న వాదనకు జవాబుండదు. హెచ్‌ఐవీ నివారణ మందులు 72 గంటల్లోపు మొదలుకావాలి, ఎంత తొందరైతే అంత మంచిది.

అభ్యాసం: కాజీపేటలో ఆరుగురు పనిచేసే ఫిజియోథెరపీ క్లినిక్. 40 ఏళ్ల సహాయకుడికి నెలకు 18,000. పనిలో ప్రమాదం జరిగి మరణిస్తే పరిహారం ఎంత? 13,81,275 రావాలి. మీకు 16,57,530 వచ్చిందంటే పరిమితి మరిచిపోయారు.